బ్లర్ చేస్తే సరిపోదు
టీవీలో మాట్లాడిన ఒక సాక్షి ముఖం బ్లర్ చేశారు (మసకబార్చారు) కాబట్టి ఆ మనిషికి ఇక ప్రమాదం లేదని ఒక వ్యాసంలో రాశారు. అంత తేలిక కాదు. టీవీ ఫుటేజీలో సెకనుకు 25 ఫ్రేములు, అంటే 25 విడి బొమ్మలు. మనిషి గబుక్కున తల తిప్పినప్పుడు ఒక్క ఫ్రేములో బ్లర్ పక్కకు జారినా చాలు, ఎవడో అక్కడే ఆపి స్క్రీన్‌షాట్ తీస్తాడు. గొంతు సంగతి ఇంకా ఘోరం. పిచ్ (గొంతు స్థాయి) మార్చి వదిలేస్తే, అంతే వెనక్కి తిప్పి అసలు గొంతును దాదాపుగా రాబట్టొచ్చు. వేరే మనిషితో మళ్లీ చెప్పించడమే మేలు, యాస కూడా దాగుతుంది. ఇక ఊళ్లోవాళ్లకు ముఖంతో పనే లేదు: చేతి గాజులు, నడక, బీరువా అద్దంలో నీడ చాలు. రష్యాలోని చెచ్న్యాలో స్వలింగ సంపర్కుల మీద సాగిన వేటపై 2020లో వచ్చిన ‘వెల్‌కమ్ టు చెచ్న్యా’ డాక్యుమెంటరీలో బ్లర్ బదులు బాధితుల ముఖాల మీద వాలంటీర్ల ముఖాలను డిజిటల్‌గా అమర్చారు. కళ్లలో బెదురు, పెదవి వణుకు అలాగే నిలిచాయి. బ్లర్ తుడిచేసేది సరిగ్గా వాటినే. రాత్రి తీసి పొద్దున వేసే చానెళ్లకు అంత పని కుదరదు, నిజమే. వాళ్లు మనిషిని కిటికీకి వీపు పెట్టి కూర్చోబెట్టి, ఎక్స్‌పోజర్‌ను బయటి వెలుగుకు పెట్టుకోవాలి, అప్పుడు ముఖం నల్లటి నీడగానే కనిపిస్తుంది. లాగ్‌లో, అంటే చీకటి భాగాల వివరాలనూ పట్టి ఉంచే కెమెరా సెట్టింగ్‌లో మాత్రం తీయకూడదు. ఎడిటింగ్‌లో నీడలను కాస్త వెలిగిస్తే ముఖం మళ్లీ తేలుతుంది.