సవరణ: సెంట్రల్ కలహారి వెళ్లేవారికి

బోట్స్వానాలోని సెంట్రల్ కలహారి గేమ్ రిజర్వ్ గురించి ముందు రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయి.

జంతువుల కోసం జులై-సెప్టెంబరు మేలన్నాం. అది బోట్స్వానాలోనే ఉన్న నదీ ప్రాంతం ఒకవాంగోకు సరిపోయే మాట. ఈ రిజర్వ్‌లో పారే నదులు లేవు. వానలు పడ్డాక, సుమారు జనవరి నుంచి ఏప్రిల్ దాకా, రిజర్వ్‌లోని డిసెప్షన్ వ్యాలీ అనే లోయలో లేతగడ్డి మొలుస్తుంది. జింకలు అక్కడికి చేరతాయి, వాటి వెనకే సింహాలు. కాకపోతే అప్పుడు బురద, ఎండ రెండూ ఎక్కువే.

రెండోది పెద్ద తప్పు: గడ్డి వల్ల బండికి ముప్పు రాకుండా రేడియేటర్ ముందు వల కడితే చాలన్నాం. చాలదు. దారి మధ్యలో పెరిగిన గడ్డి బండి కింద, ఎగ్జాస్ట్ పైపుకూ దాని కింద ఉండే గార్డు రేకుకూ మధ్య ఇరుక్కుని ఎండి, నిప్పంటుకుంటుంది. బండ్లు తగలబడేది ఇలాగే. గంటకోసారి ఆగి, ఇంజన్ ఆపి, కింద పడుకుని చూడండి. పైపు కాలుతుంది, చెయ్యి పెట్టొద్దు. వంచిన ఇనుపతీగతో లాగండి. ఆపేటప్పుడు ఎండుగడ్డి మీద ఆపకండి. మంటలార్పే సిలిండర్ సామాన్ల అడుగున కాదు, సీటు పక్కనే ఉండాలి.

ఇసుకలో టైర్లకు 20-22 పీఎస్ఐ గాలి అన్నది సరైనదే. రిజర్వ్ లోపల పెట్రోలు, డీజిలు, తాగునీరు దొరకవన్నదీ అంతే.