బట్టీ వాక్యం గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ బట్టీ వాక్యం గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. తమరు క్షేమమేనని మాకు తెలుసు. తమరికెప్పుడూ ఏమీ కాదు, తగిలే దెబ్బలన్నీ తమర్ని పలికినవాడికే. అందుకే ఈ ఉత్తరం.

తమరి గురించి తెలియనివాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. అమెరికాలో యూటా రాష్ట్రం, అందులో ప్రోవో అనే ఊరు. జనం మార్మన్లని పిలిచే యేసు క్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘం వారి మిషనరీ శిక్షణ కేంద్రం అక్కడే ఉంది. పద్దెనిమిది, పందొమ్మిదేళ్ల పిల్లలు ఒక పరాయి భాష నేర్చుకుని, ఆ భాష మాట్లాడే దేశానికి వెళ్లిపోతారు. అబ్బాయిలు రెండేళ్లు, అమ్మాయిలు ఏడాదిన్నర. తెల్ల చొక్కా, గుండెల మీద నల్లటి పేరు బిళ్ళ, పక్కన ఎప్పుడూ ఇంకో మిషనరీ. విమానం ఎక్కేలోగా వాళ్ల నోట్లో తిష్ఠ వేసుక్కూర్చునేది తమరు: "నమస్కారమండీ, మేము ఫలానా సంఘం మిషనరీలం. యేసు క్రీస్తు గురించి ఒక సందేశం మీతో పంచుకోవచ్చా?" స్పానిష్ కానీండి, జపనీస్ కానీండి, ఫిన్నిష్ కానీండి, వేషం మారినా లోపల తమరే.

తమరి పుట్టుక కూడా చిత్రమే. 1961లో బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయంలో ఈ భాషా తరగతులు మొదలైనప్పుడు ఎవరూ మహా ప్రణాళికలు వేయలేదు. మెక్సికో, అర్జెంటీనా వీసాలు రాక కుర్రాళ్లు గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటే, ఆ ఖాళీలో కాస్త స్పానిష్ నేర్పుదామనుకున్నారు. 1963లో అది భాషా శిక్షణ మిషన్ అయింది, 1978లో ఇప్పటి పేరొచ్చింది. తమరి జన్మకి వీసా ఆఫీసు కారణమన్నమాట. ఆ ఆఫీసు ఇప్పటికీ తమర్ని వదల్లేదు, ఆ సంగతి కాసేపాగి చెప్తాం.

తమరికి దొరికే గడువు చూస్తే జాలేస్తుంది. స్పానిష్, పోర్చుగీసుకి సుమారు ఆరు వారాలు. జపనీస్, కొరియన్, చైనీస్, రష్యన్ లాంటివాటికి తొమ్మిది. ఇదివరకు ఇంకాస్త ఎక్కువే ఉండేది. 2012లో అబ్బాయిల కనీస వయసు 19 నుంచి 18కి, అమ్మాయిలది 21 నుంచి 19కి తగ్గించగానే పిల్లలు వెల్లువలా వచ్చిపడ్డారు. అందరికీ చోటు సర్దాలంటే వారాలకు కత్తెర పడక తప్పలేదు. అదే అమెరికాలో విదేశాంగ శాఖ తన దౌత్యవేత్తలకు జపనీస్, కొరియన్, చైనీస్, అరబిక్ నేర్పడానికి వేసుకున్న లెక్క 88 వారాలు, 2,200 తరగతి గంటలు. ఆ దౌత్యవేత్త అన్నాళ్లు చదివి, రాయబార కార్యాలయంలో కుర్చీలో కూర్చుంటే అవతలివాళ్లే అపాయింట్‌మెంట్ తీసుకుని వస్తారు. మనవాడు తొమ్మిది వారాలకే ముక్కూమొహం తెలియనివాళ్ల గుమ్మం ముందు నిలబడాలి. నిలబడి, నోరు కూడా విప్పుతాడు. ఆ ఘనత తమరిదేనని మేమూ ఒప్పుకుంటాం.

తమర్ని తయారుచేసే పద్ధతిలో తెలివి ఉంది. మొదటి వారంలోనే ప్రార్థన చేయడం, సాక్ష్యం చెప్పడం నేర్పేస్తారు. ప్రార్థనకి నాలుగే మెట్లు: పరలోకపు తండ్రిని పిలవడం, కృతజ్ఞతలు చెప్పడం, కావలసింది అడగడం, యేసు క్రీస్తు నామమున ముగించడం. మెట్టుకొక అచ్చు ఇచ్చి, ఖాళీలో పెట్టుకోవడానికి పది పన్నెండు నామవాచకాలు ఇస్తే చాలు, అయిదో రోజుకల్లా కుర్రాడు కొరియన్‌లో గడగడా ప్రార్థించేస్తాడు. సాక్ష్యం కూడా అంతే, "ఇది నిజమని నాకు తెలుసు" అనే చట్రంలో 'ఇది' మార్చుకుంటూ పోవడమే. పిల్లవాడి మొహం వెలిగిపోతుంది, ఇంటికి రాసే మెయిల్‌లో భాష వచ్చేసిందంటాడు. పాపం, ఒక్క సంగతి గమనించడు. లోకంలో మధ్యలో ఎవరూ ఎదురు ప్రశ్న వేయని మాటలు రెండే, ప్రార్థన ఒకటి, సాక్ష్యం ఇంకొకటి. తమరు పుట్టి పెరిగింది అలాంటి ఇంట్లో, అడ్డొచ్చేవాళ్లు లేని ఇంట్లో.

తరగతిలో నాటకం కూడా తమరికి అనుకూలంగానే నడుస్తుంది. మతం గురించి తెలుసుకోవాలని వచ్చిన మనిషి వేషం కట్టేది చాలావరకు మాష్టారే. ఆయనా అదే దేశంలో సేవ చేసి తిరిగొచ్చిన కుర్రాడే. శిష్యుడి సంచిలో ఎన్ని వాక్యాలున్నాయో ఆయనకి అంకెతో సహా తెలుసు, అందుకే ఆ సంచిలో జవాబున్న ప్రశ్నే అడుగుతాడు. మెల్లగా, పదం పదం విడదీసి, కళ్లలోకి చూస్తూ అడుగుతాడు. జవాబు తడబడితే ఆగుతాడు. బయట ప్రపంచంలో ఈ నాలుగు మర్యాదలూ ఒకే మనిషిలో దొరకడం కల్ల.

ఇక అసలు విషయానికొద్దాం. తమరి మీద మా ప్రధాన అభియోగం తమరు బాగాలేరని కాదు, మరీ బాగున్నారని. రోజుకి ఎన్నోసార్లు పలికి పలికి తమరి ఉచ్చారణ నున్నబడిపోతుంది. స్వరం ఎక్కడ లేవాలో, ఎక్కడ దిగాలో అక్కడే జరుగుతుంది. తలుపు తీసిన మనిషి అది విని, ఓహో ఇతనికి మన భాష బాగానే వచ్చు అనుకుంటుంది. అనుకుని, తన మామూలు వేగంతో, సగం అక్షరాలు మింగేస్తూ, పక్కింటావిడతో మాట్లాడినట్టే జవాబిస్తుంది. "మా ఆయన డ్యూటీకెళ్లాడు, పాప జ్వరంతో పడుకుంది, గురువారం సాయంత్రమైతే చూద్దాం గానీ ముందు ఆ గేటు వేసేయండి, కుక్క బయటికి పోతుంది." కుర్రాడికి అందులో గురువారం ఒక్కటే అందుతుంది. చిరునవ్వు నవ్వి, తమరి తరువాతి వాక్యం మొదలుపెడతాడు. కుక్క వీధిలోకి పోతుంది.

తమరు ఎంత చక్కగా పలికితే జవాబు అంత వేగంగా వస్తుంది. తమరి ముందు ఒక చిన్న వాక్యాన్ని నిలబెడితే చాలావరకు గండం గడుస్తుంది: "నేను మీ భాష ఇంకా నేర్చుకుంటున్నానండీ, కాస్త మెల్లగా చెప్పండి." దాన్ని నున్నగా చేయకూడదు, ఉన్న యాసతో అలాగే వదిలేయాలి. కానీ తమరు దానికి చోటివ్వరు. తమరికి మొదటి కుర్చీయే కావాలి.

తమరి చుట్టాల జాబితా ఇంకో తంటా. కుర్రాడికి ప్రాయశ్చిత్తం వచ్చు, పునరుత్థానం వచ్చు, పునఃస్థాపన వచ్చు, యాజకత్వం వచ్చు. దిగిన మర్నాడు బట్టల సబ్బు కొనడం రాదు. చిల్లర, ఎడమ పక్క, కుళాయి, గ్యాస్ అయిపోయింది, ఈ బస్సు ఆసుపత్రి దగ్గర ఆగుతుందా, వీటిలో ఒక్కటీ తమరి బంధువర్గంలో లేదు. ఇది దుకాణంలో పడే ఇబ్బంది ఒక్కటే అయితే సర్దుకోవచ్చు. కానీ గుమ్మం దగ్గర మనిషి చెప్పేదంతా ఈ కుళాయిలు, జ్వరాలు, బస్సుల గురించే. ఆ మాటలు చెవికి అందనివాడు ఆవిడ బాధ వినలేడు. బాధ వినలేనివాడు ఏ సందేశం ఎక్కడ మొదలుపెట్టాలో ఎలా తేల్చుకుంటాడు? 2004లో వచ్చిన కొత్త బోధనా మార్గదర్శిని, పాఠాలు వల్లె వేయొద్దు, ఎదుటి మనిషి అవసరం చూసి సొంత మాటల్లో చెప్పండి అంది. సొంత భాషలో సేవ చేసేవాళ్లకి బంగారంలాంటి సలహా. తొమ్మిది వారాల జపనీస్‌తో వెళ్లినవాడికి సొంత మాటలంటూ ఉంటే కదా? ఉన్నదల్లా తమరూ, తమరి పరివారమూ.

జపాన్‌లో తలుపు తీయడం దాకా కూడా రాదు. అపార్ట్‌మెంట్ కింద ఇంటర్‌కమ్ గొట్టం ఉంటుంది. మొహం కనబడదు, పెదవులు కనబడవు, చెయ్యి ఊపితే కనబడదు, వినబడేది గరగర. ఫోను కూడా అదే జాతి. పాతకాలం టెలిఫోను లైను 300 నుంచి 3,400 హెర్ట్‌జ్ మధ్య శబ్దాన్నే మోసుకెళ్తుంది, స, ఫ లాంటి హల్లులకి ఆనవాలు ఆ పైనే ఎక్కువ. మాతృభాషలో అయితే బుర్ర ఖాళీలు పూరించుకుంటుంది, పరాయి భాషలో పూరించడానికి దాని దగ్గర సరుకుండదు. ఎదురుగా బాగానే అర్థం చేసుకునేవాడు ఫోనెత్తగానే బిగుసుకుపోయేది అందుకే. దీన్ని పిరికితనం అనుకుని ధైర్యం నూరిపోసేవాళ్లున్నారు. ధైర్యంతో హల్లులు వినబడవండీ. కలవాల్సిన చోటు, టైము ఫోన్లో ఖాయం చేసుకోవాల్సి వస్తే, విన్న అంకెలు తిరిగి చెప్పి అవుననిపించుకోవడం, ఆనక అదే మెసేజ్‌గా పంపడం, ఈ రెండూ చాలు.

ప్రాంతాల యాసల గురించి పెద్దగా రాయక్కర్లేదు. స్పానిష్ తరగతిలో 'నువ్వు' అనడానికి 'తూ' అని నేర్చుకుని, దానికి క్రియలు వల్లించినవాడు బ్యూనస్ ఐరిస్‌లో దిగితే అందరూ 'వోస్' అంటారు, క్రియల తోకలు వేరేగా ఉంటాయి. చిలీలో మాట చివరి 'స'కారం గాలికి పోతుంది. రెండు మూడు నెలల్లో చెవి అలవాటు పడుతుంది, దానికి కంగారు అనవసరం.

తల ఊపుడుకి మాత్రం కంగారు పడాలి. కొత్తవాడికి మొదటి పన్నెండు వారాలు, అంటే రెండు ట్రాన్స్‌ఫర్లు (ఊళ్లూ జోడీలూ మార్చే ఆరేసి వారాల విడతలు), అతనికంటే ముందొచ్చిన ఒక మిషనరీ ట్రెయినర్‌గా తోడుంటాడు. తమర్ని అప్పజెప్పగానే కుర్రాడి పని అయిపోతుంది, ఆ తర్వాతంతా ట్రెయినర్ చూసుకుంటాడు. కుర్రాడు పక్కన కూర్చుని అర్థమైనట్టు తలాడిస్తుంటాడు. ఎదుటివాళ్లు దాన్ని ఒప్పుదల అనుకుంటారు, ట్రెయినర్ పురోగతి అనుకుంటాడు. బల్గేరియాలో అయితే పైకీ కిందికీ తలాడిస్తే కాదని అర్థం, అక్కడ మన కుర్రాడు తన సంఘం సిద్ధాంతాలన్నింటినీ వరసబెట్టి ఖండిస్తూ కూర్చుంటాడు. రోజుకి ఒక ఇంట్లోనైనా ట్రెయినర్ నోరు కట్టేసుకుని, తమరి తర్వాత వచ్చే మొదటి జవాబుని కుర్రాడికే వదిలేయాలి. మౌనం ఎంత ఇబ్బందిగా ఉన్నా సరే. ట్రెయినర్లకి ఇదే అన్నిటికంటే కష్టమైన పని, ఎందుకంటే వాళ్లకీ కొత్తగానే భాష వచ్చి నోరు ఉబలాటపడుతుంటుంది.

వీసా సంగతి చెప్తామన్నాం కదా. శిక్షణ ముగుస్తుంది, బ్రెజిల్ వీసా రాదు. కుర్రాణ్ణి తాత్కాలికంగా అమెరికాలోనే ఏదో ఊరికి పంపుతారు, వీసా వెయిటర్ అని పేరు. రోజంతా ఇంగ్లీషు. పోర్చుగీసు మెల్లగా జారిపోతుంది, జారకుండా మిగిలేది తమరొక్కరే. రెండు నెలల తర్వాత బ్రెజిల్‌లో దిగితే తమరు ఠంచనుగా పలుకుతారు, వెనకాల ఏమీ ఉండదు. ఆ ఊళ్లో పోర్చుగీసు మాట్లాడే కుటుంబాన్ని వారానికి రెండుసార్లు పట్టుకోగలిగితే అదృష్టం. లేకపోతే రోజూ అరగంట బ్రెజిల్ రేడియో వార్తలు పెట్టుకుని, ఒక్క నిమిషం ముక్కని ఆపి ఆపి విని, విన్నది విన్నట్టు రాయడం తమర్ని వందసార్లు వల్లించడం కంటే మేలు.

అసలు శిక్షణలోనే తమర్ని తయారుచేసిన రోజే తమరికి ఎదురయ్యే జవాబులనూ తయారుచేయాలని మా వాదన. "పంచుకోవచ్చా?" అని నేర్పితే, దానికి ఆ దేశంలో నిజంగా వచ్చే అయిదు జవాబులు మామూలు వేగంతో వినిపించండి. టైము లేదు. మాకు మా చర్చి ఉంది. పోయినవారం మీవాళ్లే వచ్చారు కదా. మా అమ్మ ఇంట్లో లేదు. మీరేమైనా అమ్ముతున్నారా? వేషాలు కూడా తిప్పేయండి, కుర్రాడు ఇంటావిడ అవ్వాలి, మాష్టారు మిషనరీ అవ్వాలి. విసుక్కోవడం, మాట దాటేయడం, మర్యాదగా వద్దనడం తన నోటితో పలికినవాడు రేపు అవతలి నోట విన్నప్పుడు పోల్చుకుంటాడు. రాత్రి పదిన్నరకి దీపాలార్పేలోగా, ఆ రోజు అర్థం కాని మూడు ముక్కలు చెవికి వినబడ్డట్టే నోటుపుస్తకంలో గిలికి, మర్నాడు భాషా పఠనం వేళలో ట్రెయినర్నో, స్థానిక సభ్యుల పిల్లల్నో అడగాలి. ముఖ్యంగా పిల్లల్ని. పెద్దవాళ్లు మొహమాటానికి బాగా మాట్లాడుతున్నావు బాబూ అంటారు. ఆరేళ్ల పిల్ల అలా అనదు, పగలబడి నవ్వి, సరైనది చెప్పి, మళ్లీ అనమంటుంది.

తమర్ని ఉద్యోగం నుంచి తీసేయమని మేం అనట్లేదు. బరువైన పెట్టెతో, నిద్ర చాలని కళ్లతో విమానం దిగిన పిల్లవాడికి మొదటి రోజు నాలుక కింద తమరొక్కరే దిక్కు. కాకపోతే పదవీ విరమణ తేదీ ముందే రాసిపెట్టుకోండి. మా అంచనా రెండో ట్రాన్స్‌ఫర్ చివరి శనివారం.

ఇట్లు,
తమరి తర్వాత వచ్చే జవాబులు

తాజాకలం: ఆ కుక్క దొరికింది. వెతకడానికి వీధంతా తిరిగిన అరగంటలో మనవాడు పద్నాలుగు కొత్త మాటలు నేర్చుకున్నాడని తెలిసింది. వాటిలో ఒక్కటీ తమరి సిలబస్‌లో లేదు.