చవక మందులో మందే ఉండదా?

"జనరిక్ మందులు కొని ప్రాణాల మీదికి తెచ్చుకోకండి" అనే మెసేజ్ ఏళ్ల తరబడి వాట్సాప్‌లో తిరుగుతోంది. వచ్చినప్పుడల్లా రూపం కాస్త మారుతుంది గానీ లోపల ఉండేవి అవే మాటలు. జనరిక్ బిళ్లలో అసలు మందు 30 శాతమే, మిగతాదంతా పిండి. అమెరికా వాళ్లే 45 శాతం తేడా ఉండొచ్చని ఒప్పుకున్నారు. మంచి సరుకంతా విదేశాలకు పోతుంది, నాసిరకం మనకు మిగులుతుంది. మంచివే అయితే డాక్టర్లు ఎందుకు రాయరు? చివరికి అందరి నోరూ మూయించే ప్రశ్న: అంత చవగ్గా ఇస్తున్నారంటే అందులో ఏముంటుంది?

బీపీకి ఒకటి, షుగర్‌కి రెండు, కొలెస్ట్రాల్‌కి ఒకటి, గ్యాస్‌కి ఒకటి. చాలా ఇళ్లలో పాల ప్యాకెట్‌తో పాటు ఇదీ నెలవారీ ఖర్చే. కూరగాయల దగ్గర ఐదు రూపాయలకు బేరమాడేవాళ్లు మెడికల్ షాపులో మాత్రం బిల్లు చూడకుండా ఫోన్‌పే చేసేస్తారు. ఆ మెసేజ్‌కు భయపడే కుటుంబం ఏడాదికి వేల రూపాయలు ఎక్కువ కడుతోంది. అందుకే ఒక్కో మాటా తీసి చూడాలి.

ముందు ఒక సంగతి. జనరిక్ అంటే కనిపెట్టిన కంపెనీ కాకుండా వేరే కంపెనీలు తయారుచేసే అదే మందు. మనం "బ్రాండెడ్" అని గౌరవంగా కొనే మందుల్లో అత్యధిక భాగం జనరిక్ మందులే. బీపీకి వాడే టెల్మిసార్టన్‌ను కనిపెట్టింది జర్మనీకి చెందిన బోరింగర్ ఇంగెల్‌హైమ్. అమ్లోడిపిన్ ఫైజర్‌ది. మన వీధి చివర షాపులో దొరికే టెల్మిసార్టన్ బ్రాండ్లలో దాదాపు అన్నీ మన కంపెనీలు సొంత పేరు పెట్టి అమ్ముతున్నవే. 1970 నాటి పేటెంట్ చట్టం మందుకు కాకుండా తయారీ పద్ధతికే పేటెంటు ఇచ్చింది. అంటే అదే మందును వేరే పద్ధతిలో ఎవరైనా చేసుకోవచ్చు. 2005 దాకా అదే నడిచింది. హైదరాబాద్ చుట్టూ జీడిమెట్ల, బొల్లారాల్లో మందుల పరిశ్రమ పెరగడానికి ఆ చట్టం పెద్ద కారణం. కాబట్టి పోటీ అసలుకీ నకలుకీ మధ్య కాదు. పేరు పెట్టి ప్రచారం చేసిన జనరిక్‌కీ, ప్రచారం లేని జనరిక్‌కీ మధ్య.

30 శాతం మాటకొస్తే, బిళ్లలో మందు ఎంత ఉండాలో ఇండియన్ ఫార్మకోపియా (మందుల ప్రమాణాల అధికారిక పుస్తకం) చెబుతుంది. అట్ట మీద మందు పేరు పక్కన కనిపించే "ఐ.పి." అక్షరాలకు అర్థం అదే. పారాసెటమాల్‌కు ఆ హద్దు 95 నుంచి 105 శాతం. అంటే 500 ఎంజీ బిళ్లలో 475కు తగ్గకూడదు, 525కు మించకూడదు. బిళ్ల కరిగి మందు ఎంత సేపట్లో బయటికి రావాలో కూడా పరీక్ష ఉంది. బ్రాండు బిళ్లకో లెక్క, జన్ ఔషధి (కేంద్ర ప్రభుత్వ పథకం కింద నడిచే చవక మందుల షాపులు) బిళ్లకో లెక్క లేవు. 30 శాతమే ఉంటే అది చట్టం ముందు నాసిరకం మందు, అమ్మినవాడి మీద కేసు.

పోతే, పిండి ఉండే మాట నిజమే. దాదాపు అన్ని బిళ్లల్లోనూ పిండో, అలాంటి ఇంకో పదార్థమో ఉంటుంది. అమ్లోడిపిన్ 5 ఎంజీ అంటే చిటికెడు కూడా కాదు. అంత మందును చేత్తో పట్టుకుని మింగేలా చేయాలంటే పిండిపదార్థమో సెల్యులోజో కలపాల్సిందే. ఇలాంటి చిన్న మోతాదు మందైతే ఖరీదైన బ్రాండు బిళ్లలోనూ బరువులో ఎక్కువ భాగం అదే.

45 శాతం సంగతి కొంచెం నిదానంగా చూడాలి. చదువుకున్నవాళ్లు కూడా ఇక్కడే పడిపోతున్నారు. కొత్త జనరిక్‌ను పరీక్షించేటప్పుడు ఆరోగ్యవంతులైన కొంతమందికి ఒకసారి అసలు మందు, ఇంకోసారి జనరిక్ ఇచ్చి, గంటగంటకూ రక్తం తీసి మందు ఎంత చేరిందో కొలుస్తారు. రెండింటి నిష్పత్తి 80 నుంచి 125 శాతం మధ్య ఉండాలన్నది నియమం. ఈ 80, 125 పట్టుకుని తీసివేత చేసి "45 శాతం తేడా" అనేశారు. నియమం అడిగేది సగటు ఆ హద్దుల్లో ఉంటే చాలని కాదు. మనిషికీ మనిషికీ మధ్య హెచ్చుతగ్గుల్ని లెక్కలో వేసుకుని, సగటు ఎటు జరిగే అవకాశం ఉందో ఆ మొత్తం పరిధి (గణాంకాల్లో 90 శాతం విశ్వాస అంతరం) హద్దుల్లో ఇమడాలి. సగటే 20 శాతం తక్కువైతే ఆ మందు పాసవ్వడం దాదాపు అసాధ్యం. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వాళ్లు తమ దగ్గరికి 12 ఏళ్లలో వచ్చిన 2,070 పరీక్షలను కలిపి చూసి 2009లో ప్రచురించారు. రక్తంలో చేరిన మొత్తంలో సగటు తేడా 3.5 శాతం చిల్లర. అసలు కంపెనీ మందులో ఒక బ్యాచ్‌కీ ఇంకో బ్యాచ్‌కీ కూడా కాస్త తేడా ఉంటుందని మర్చిపోకూడదు.

మన దేశంలో ఈ పరీక్ష అంత కట్టుదిట్టంగా లేదు, ఆ మాట దాచనక్కర్లేదు. నీళ్లలో సరిగా కరగని రకం మందులకు 2017లోగానీ దీన్ని తప్పనిసరి చేయలేదు. అంతకుముందు వచ్చిన చాలా మందులు ఈ పరీక్ష లేకుండానే లైసెన్సు తెచ్చుకున్నాయి. అయితే వాటిలో పెద్ద పేరున్న బ్రాండ్లూ ఉన్నాయి. ఈ లోపాన్ని జనరిక్ నెత్తినే రుద్దడం కుదరదు.

"ఎక్స్‌పోర్ట్ క్వాలిటీ" వాదానికీ ఇదే జవాబు. అమెరికా ఇన్‌స్పెక్టర్లు వచ్చిపోయే ఫ్యాక్టరీకీ, మన డ్రగ్ ఇన్‌స్పెక్టర్ ఒక్కడే చూసే చిన్న యూనిట్‌కీ తేడా ఉంటుంది, నిజం. 2025 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో దగ్గు మందు తాగి 20 మందికి పైగా పిల్లలు చనిపోయారు. ఆ సిరప్‌లో విషపూరితమైన డైఇథిలీన్ గ్లైకాల్ 48 శాతానికి పైగా తేలింది. ఆ వార్త వచ్చిన వారంలోనే జనరిక్ మెసేజ్‌కు మళ్లీ రెక్కలొచ్చాయి. కానీ ఆ సీసా మీద ఉన్నది కోల్డ్‌రిఫ్ అనే బ్రాండు పేరు! పిల్లల్ని కాపాడడానికి ఆ పేరు ఏమాత్రం పనికిరాలేదు. నకిలీ మందుల ముఠాలు కూడా బాగా అమ్ముడుపోయే బ్రాండ్లనే కాపీ కొడతాయి. పది రూపాయల అట్టకు నకిలీ చేస్తే వాడికేం గిడుతుంది? 2023 ఆగస్టు నుంచి ప్రభుత్వం అట్టల మీద క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేసింది కూడా ఎక్కువగా అమ్ముడయ్యే 300 బ్రాండ్లకే. కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ నెలనెలా ఇచ్చే నాసిరకం మందుల జాబితాలో రెండు రకాలూ ఉంటాయి. జన్ ఔషధి బ్యాచ్‌లు కూడా కొన్ని ఫెయిలయ్యాయి.

డాక్టర్లు ఎందుకు రాయరన్న ప్రశ్నకు ఒక్క సమాధానం లేదు. కొందరికి నాణ్యత మీద నిజమైన అనుమానం ఉంది. పేరు రాయకపోతే ఏ కంపెనీ మందు ఇవ్వాలో షాపువాడే తేలుస్తాడు, వాడు తనకు లాభమొచ్చేదే ఇస్తాడన్నది వాళ్ల వాదన. అందులో పస ఉంది. ఇంకొందరి విషయంలో కారణం మెడికల్ రెప్ బ్యాగులో ఉంది. గిఫ్టులు, విదేశీ టూర్లు ఇవ్వొద్దని 2024 మార్చిలో కేంద్రం ఫార్మా కంపెనీలకు నియమావళి తేవలసి వచ్చిందంటే ఏం నడుస్తోందో అర్థం చేసుకోవచ్చు. జనరిక్ పేర్లే రాయాలని జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టులో నిబంధన తెచ్చి, డాక్టర్ల సంఘాలు గొడవ చేస్తే అదే నెలలో పక్కన పెట్టేసింది.

ఇక ధర. షుగర్‌కు వాడే సిటాగ్లిప్టిన్ సంగతి చూడండి. 2022లో దాని పేటెంటు తీరింది. ఆ సెప్టెంబరులో జన్ ఔషధి షాపుల్లో 50 ఎంజీ పది బిళ్లల అట్టను 60 రూపాయలకు పెట్టారు. అప్పుడు బ్రాండ్ల ధర రకాన్నీ మోతాదునూ బట్టి 160 నుంచి 258 రూపాయల దాకా ఉందని ప్రభుత్వమే చెప్పింది. రోజుకొకటి చొప్పున ఏడాదికి లెక్కేస్తే ఒకచోట 2,190 రూపాయలు, ఇంకోచోట తక్కువలో తక్కువ 5,800 దాకా. ఒక్క బిళ్లకే ఇంత. మందు మాత్రం అదే.

మిగతా డబ్బు ఎటు పోతుందంటే, రెప్‌ల జీతాలకు, ప్రచారానికి, డీలరు కమీషన్‌కు. ధరల నియంత్రణ ఉందిగా అంటారు. 2013 నాటి ఉత్తర్వు ప్రకారం గరిష్ఠ ధరను తయారీ ఖర్చును బట్టి కట్టరు. మార్కెట్లో కనీసం ఒక శాతం వాటా ఉన్న బ్రాండ్ల ధరల సగటు తీసి, దాని మీద షాపుకు 16 శాతం కలుపుతారు. అందరూ ఎక్కువకు అమ్ముతుంటే సగటూ ఎక్కువే వస్తుంది. పైగా ఇది అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నవాటికే.

ఆ మెసేజ్ రాసినవాళ్లు అసలు మోసాన్ని మాత్రం పట్టుకోలేకపోయారు. మామూలు మెడికల్ షాపులో "జనరిక్ ఇవ్వండి" అంటే చవగ్గా వస్తుందన్న భరోసా లేదు. ఒకే కంపెనీ ఒకే మందును బ్రాండు పేరుతోనూ, షాపుల ద్వారా అమ్ముకునే జనరిక్‌గానూ తయారుచేస్తే ఏమవుతుందో 2011లో ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫార్మకాలజీలో ఒక అధ్యయనం వచ్చింది. సెట్రిజిన్ లాంటి ఐదు మందుల్ని తీసుకుని పరీక్షిస్తే నాణ్యతలో తేడా లేదు. షాపువాడి లాభం మాత్రం బ్రాండు మీద 25 నుంచి 30 శాతం, జనరిక్ మీద 201 నుంచి 1,016 శాతం. చవగ్గా కొని, అట్ట మీద దాదాపు బ్రాండు స్థాయి ఎమ్మార్పీ వేసుకుని, "మీకు కాబట్టి 20 శాతం డిస్కౌంటు" అని ఇస్తున్నారు. మనం సంతోషంగా తెచ్చుకుంటున్నాం.

అందుకే డిస్కౌంటు శాతం చూడొద్దు, ఒక్కో బిళ్లకు ఎంత పడిందో చూడండి. మందు పేరు, ఎంజీ, పక్కన ఎస్ఆర్ (మెల్లగా మందు వదిలే రకం) లాంటి అక్షరాలు ఏమైనా ఉన్నాయా అన్నది రాసుకుని, ఆ మందుకు జన్ ఔషధి ధర ఎంతో వాళ్ల యాప్‌లో చూసి, తర్వాత షాపుకెళ్లండి. చీటీలో బ్రాండు పేరు ఉంటే దాని బదులు వేరేది ఇచ్చే అధికారం షాపువాళ్లకు చట్టప్రకారం లేదు. కాబట్టి డాక్టర్ గదిలోనే "మందు పేరు కూడా రాస్తారా సార్" అని అడగాలి. చాలామంది రాస్తారు.

కొన్ని మందుల్లో మాత్రం సొంత ప్రయోగం వద్దు. థైరాయిడ్ బిళ్ల, ఫిట్స్ మందులు, రక్తం పలచబరిచే వార్ఫరిన్, అవయవ మార్పిడి తర్వాత వాడేవి. వీటిలో చిన్న తేడా కూడా లెక్కకొస్తుంది. చవకదైనా ఖరీదైనదైనా ఒకే కంపెనీది వాడాలి. మారాలంటే డాక్టర్‌కు చెప్పి, తర్వాత రక్తపరీక్ష చేయించుకోవాలి. జన్ ఔషధిలో స్టాకు లేదని వెనక్కి పంపడం మామూలే కాబట్టి అట్ట అయిపోయేదాకా ఆగకుండా వారం ముందే వెళ్లాలి. మూడు మందులు కలిపిన బిళ్లలు కొన్ని అక్కడ దొరకవు. వాటిని విడివిడిగా వేసుకోవచ్చా అన్నది కూడా అదే డాక్టర్‌నే అడగండి.