తారలు తారుమారు, ఎవరూ కంగారు పడనక్కరలేదు

పాత పత్రికలు చదవడంలో ఒక సుఖం ఉంది. అందులోని ఏ ఉపద్రవమూ మన మీదికి రాదు. రావలసినవారి మీదికి ఎప్పుడో వచ్చి వెళ్ళిపోయి ఉంటుంది. ఆ ధీమాతోనే 1919 నవంబరు 7 నాటి లండన్ ‘టైమ్స్’ శీర్షికల దగ్గర కూర్చున్నాను. “విజ్ఞానశాస్త్రంలో విప్లవం. విశ్వానికి కొత్త సిద్ధాంతం. న్యూటన్ భావాల పతనం.”

ఆ తేదీ ఒకసారి చూడండి. సరిగ్గా రెండేళ్ళ కిందట అదే నవంబరు 7న రష్యాలో బోల్షెవిక్కులు అధికారం చేజిక్కించుకున్నారు. ఆ రోజే పత్రిక విప్పి ఒకే చోట ‘విప్లవం’, ‘పతనం’ చూసిన ఆస్తిపరుడి గుండె ఒక్క క్షణం లయ తప్పి ఉండాలి. కూలిపోయింది న్యూటన్ మాత్రమేనని తెలిశాక మళ్ళీ దారిలో పడి ఉంటుంది. ఆయన 1727లోనే కాలం చేశాడు. జప్తు చేద్దామన్నా ఆయన పేర మిల్లులు లేవు.

అదే రోజు పత్రికల్లో రాజుగారి విన్నపం కూడా వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం ఆగి ఏడాది నిండుతున్న సందర్భంగా నవంబరు 11న ఉదయం 11 గంటలకు రెండు నిమిషాలపాటు ఎక్కడి రాకపోకలు అక్కడ ఆగిపోవాలి, అంతా నిశ్శబ్దంగా నిలబడాలి. చనిపోయినవారి కోసం అడిగిన మౌనం కనుక దానితో నాకు పేచీ లేదు. నా జాలి అంతా ఆ రోజు పాఠకుడి మీద. ఒక వార్త కదలకుండా నిలబడమంటుంది. ఇంకొక వార్తలోని ఆసామి, ఐన్‌స్టీన్, అసలు కదలకపోవడమంటే ఏమిటి, ఎవరి లెక్కలో అని అడుగుతున్నాడు.

ఇంతకూ జరిగినది ఇది. ఎదుటివాడి మీద కోపమొస్తే పట్టపగలే చుక్కలు చూపిస్తామంటాం. 1919 మే 29న బ్రిటిష్ శాస్త్రజ్ఞులు ఆ పనిని ప్రభుత్వ ఖర్చుతో, పద్ధతిగా చేశారు. ఆ రోజు సంపూర్ణ సూర్యగ్రహణం. సూర్యుడి పక్కనుంచి వచ్చే నక్షత్రకాంతి ఆయన ఆకర్షణకు ఎంత వంగుతుందో కొలవాలి. న్యూటన్ లెక్క ప్రకారం 0.87 సెకన్ల కోణం (ఇక్కడ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు), ఐన్‌స్టీన్ లెక్క ప్రకారం 1.75. రెండోదే నిజమనుకున్నా అది చందమామ వెడల్పులో సుమారు వెయ్యోవంతు. ఇంత సన్నపు తగాదాకు ఒక బృందం బ్రెజిల్‌లోని సోబ్రాల్‌కూ, ఎడింగ్టన్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు మరొకరితో కలిసి ఆఫ్రికా తీరంలోని ప్రిన్సిపె దీవికీ వెళ్ళారు.

నవంబరు 6న లండన్‌లో, గోడ మీది న్యూటన్ పటం సాక్షిగా ఫలితాలు ప్రకటించారు. ఆ ఓట్ల లెక్కింపు గురించి కొంచెం చెప్పాలి. ప్రిన్సిపెలో మబ్బు పట్టింది. తీసిన 16 ఫొటోల్లో పనికొచ్చినవి రెండు, వాటి తీర్పు 1.61. సోబ్రాల్‌లోని చిన్న దూరదర్శిని తీర్పు 1.98. రెండూ ఐన్‌స్టీన్ ఖాతాలోకే వెళ్ళాయి. పెద్ద దూరదర్శిని మాత్రం 0.93 అంది, అంటే ఓటు న్యూటన్‌కు. ఎండవేడికి దాని అద్దం రూపు మారి బొమ్మలు అలుక్కుపోయాయని ఆ ఓట్లను పక్కన పెట్టారు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న సంగతి మనకు తెలుసు. మే 29 అంటే నికరంగా రోహిణి కార్తె. అద్దం ఏపాటిది? అయినా ఓడినవారి పక్షాన ఒకరైనా గొడవ చేయాలి కదా అని నేను చాలాకాలం న్యూటన్ తరఫున మనసులో కుమిలాను. 1979లో అవే ఫొటో పలకలను కొత్త యంత్రంతో మళ్ళీ కొలిస్తే అవి కూడా ఐన్‌స్టీన్ వైపే మొగ్గాయి. అరవై ఏళ్ళు ఆగి రీకౌంటింగ్ చేసినా డిపాజిట్ దక్కలేదు.

అసలు రత్నం మాత్రం లండన్ ‘టైమ్స్’ వార్తకు మూడు రోజుల తర్వాత, నవంబరు 10న, ‘న్యూయార్క్ టైమ్స్’లో వచ్చింది. “ఆకాశంలో దీపాలన్నీ వంకరటింకర.” దాని కింద, శాస్త్రజ్ఞులు ఇంచుమించుగా ఉబ్బితబ్బిబ్బవుతున్నారని. ఇంచుమించుగా! ఉబ్బడం పూర్తయి తబ్బిబ్బు మిగిలిందేమో. ఇంకా కింద: “నక్షత్రాలు కనిపించిన చోట గానీ లెక్కకట్టిన చోట గానీ లేవు, అయినా ఎవరూ కంగారు పడనక్కరలేదు.”

ఈ చివరి ముక్క రాసిన ఉపసంపాదకుడికి నేను ఒక దండ బాకీ. పాఠకుడికి కంగారు పుట్టకముందే దానికి మందు రాసిన మనిషి. మన కాలంలో ఇదే వార్త వస్తే “మీ నక్షత్రం ఉన్నచోటే ఉందా? వెంటనే చూసుకోండి” అని వస్తుంది, కింద ఏ రాశులవారికి గండమో జాబితా. పైగా ఆ గ్రహణంలో కొలిచిన చుక్కలు రోహిణి చుట్టుపక్కలవే. రోహిణి నక్షత్ర జాతకులకు శాంతులు చేయించే అవకాశం చేతులారా పోయింది. శ్రీకృష్ణుడిదీ ఆ నక్షత్రమే. ఆయన కంగారు పడిన దాఖలా లేదు.

ఇంత గంభీరమైన వార్తను లండన్ నుంచి పంపే పని హెన్రీ క్రౌచ్ అనే విలేఖరికి పడింది. ఆయన సొంత విద్య గోల్ఫ్. ఇందులో నవ్వడానికేమీ లేదని నా వాదన. గుండ్రటి వస్తువు ఒకటి దూరంగా వెళుతూ, అనుకున్న దారి తప్పి వంగి, ఎక్కడో తేలింది. ఈ సంఘటనను వర్ణించడంలో అంతటి అనుభవం ఉన్నవాడు ఆ కార్యాలయంలో ఇంకెవరు?

శీర్షికలో ఇంకో ముక్క ఉంది: “పన్నెండుగురు మేధావుల కోసం ఒక పుస్తకం.” ప్రపంచం మొత్తం మీద అంతకు మించి ఎవరికీ అర్థం కాదని ఐన్‌స్టీనే ప్రచురణకర్తలతో అన్నాడట. ఆ పన్నెండుగురి పేర్లు మాత్రం వేయలేదు, అది మంచి వ్యాపార సూత్రం. చదివిన ప్రతివాడూ తాను పదమూడోవాడినని లోలోపల మురిసిపోవచ్చు. కలకత్తాలో మేఘనాద్ సాహా, సత్యేంద్రనాథ్ బోస్ అనే ఇద్దరు కుర్రాళ్ళు ఈ హెచ్చరికను లక్ష్యపెట్టినట్టు లేదు. మరుసటి ఏడాదికల్లా ఐన్‌స్టీన్ వ్యాసాలను జర్మన్ నుంచి ఇంగ్లీషులోకి మార్చి అచ్చుకిచ్చారు.

నవంబరు 11 వచ్చింది. పదకొండు కొట్టగానే రాజుగారు కోరినట్టే లండన్ వీధుల్లో బండ్లు ఆగాయి, మనుషులు టోపీలు తీసి నిలబడ్డారు. కాళ్ళ కింద భూమి మాత్రం ఆ రెండు నిమిషాల్లో మూడున్నర వేల కిలోమీటర్లు ముందుకు పోయింది. ఎవరూ కంగారు పడలేదు.