జానెడు గీతకి డోరంతానా?

పన్నెండేళ్లుగా కంటికి రెప్పలా చూసుకున్న స్విఫ్ట్ కారు. సెల్లార్‌లో ఎవడో స్కూటర్ హ్యాండిల్‌తో డోరు మీద జానెడు గీత గీకి పోయాడు. సారీ అని చీటీ ముక్కయినా లేదు! గోరుతో తడిమితే తెగినట్టు తగులుతోంది, లోపల రంగు కింద వేసే ప్రైమర్ పూత కూడా కనిపిస్తోంది. ఇక రబ్బింగ్ పాలిష్‌తో ఏం పోతుంది, నా మొహం!

షెడ్డుకెళ్తే పెయింటరు "డోరు మొత్తం పెయింట్ కొట్టాలి సార్" అంటాడు. సిల్వర్ మెటాలిక్ కదా, ముక్కకి కొడితే అతుకు తెలిసిపోతుందట. సరే, మొత్తం కొట్టిస్తే? ఎండకి వెలిసిన పాత డోరు పక్కన ఇది తళతళ! కంపెనీ ఇచ్చిన రంగు నంబరు, అదే కలర్ కోడ్, చూసి కలపవయ్యా అంటే, "మనకి కంటి అంచనా ఉంది సార్"ట.

ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేద్దామా? ఇన్నేళ్లూ క్లెయిమ్ చెయ్యనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు, ఆ 50 శాతం నో క్లెయిమ్ బోనస్, హుళక్కి.

మా ఆవిడేమో "ఓ స్టిక్కర్ అంటించెయ్యండి" అంటోంది. స్టిక్కరా? నా బండికా?