శిబిరం ముగిసిన మూడో నెలలో

వైద్య శిబిరం జరిగిన మర్నాడు జిల్లా పేజీలో వార్త ఎలా వస్తుందో పాఠకులకు కంఠతా వచ్చే ఉంటుంది. రిబ్బను కత్తిరించినవారి పేరు, వేదిక మీది పెద్దల పేర్లు, ఇన్ని వందల మందికి బీపీ, షుగర్ పరీక్షలు, ఇందరికి కళ్లజోళ్లు, ఇందరికి ఉచితంగా మందులు, చివర్లో ‘శిబిరం విజయవంతం’. అప్పటికి షామియానా కూడా విప్పి ఉండరు. బీపీ ఎక్కువగా ఉందని చెప్పించుకున్న మనిషి మొదటి మాత్ర ఇంకా మింగి ఉండడు. మరి ఏం చూసి విజయవంతమన్నట్టు?

చిత్తూరు, తిరుపతి, మన ఈ రెండు జిల్లాల్లో శిబిరాలకు కొదవ లేదు. ప్రభుత్వం పెడుతుంది, వైద్య కళాశాలలు పెడతాయి, ట్రస్టులు, క్లబ్బులు పెడతాయి, నాయకుల పుట్టినరోజులకు అభిమానులు పెడతారు. 2023 సెప్టెంబరు 30న అప్పటి రాష్ట్ర ప్రభుత్వం జగనన్న ఆరోగ్య సురక్ష శిబిరాలు మొదలుపెట్టింది. 2025 సెప్టెంబరు 17 నుంచి అక్టోబరు 2 దాకా కేంద్రం ‘స్వస్థ్ నారీ, సశక్త్ పరివార్’ పేరుతో దేశమంతా మహిళలకు శిబిరాలు నడిపింది. దీనికి గిన్నిస్ రికార్డులు కూడా వచ్చాయి. అవి దేనికి వచ్చాయో చూడండి: నెలలో ఎక్కువమంది పేర్లు నమోదైనందుకు, వారంలో ఎక్కువమంది మహిళలు రొమ్ము క్యాన్సర్ పరీక్షకు ఆన్‌లైన్‌లో పేరిచ్చినందుకు. పేరిచ్చిన వారిలో ఎందరికి పరీక్ష జరిగింది, అనుమానం తేలిన వారిలో ఎందరికి చికిత్స అందింది అన్నది రికార్డు పుస్తకానికి అక్కర్లేదు. ఊళ్లోని ఆరోగ్య కేంద్రానికి మాత్రం అదే కావాలి.

లెక్కపెట్టడం దండగని మేము అనడం లేదు. అయిపోయాక తిరిగి వెళ్లి చూడటం మన వ్యవస్థకు చేతకానిదీ కాదు. పల్స్ పోలియోనే తీసుకోండి. 1995లో మొదలైన ఆ కార్యక్రమంలో చుక్కలు వేసిన బిడ్డ ఎడమచేతి చిటికెన వేలి గోటికి సిరా గుర్తు పెట్టేవారు, ఇప్పటికీ పెడుతున్నారు. ఆ గుర్తు పెట్టింది తల్లి చూసుకుని మురిసిపోవడానికి కాదు. రౌండ్ అయిపోయాక, చుక్కలు వేసినవాళ్లు కాకుండా వేరేవాళ్లు బయల్దేరి ఇళ్లలో, సంతల్లో, బస్టాండుల్లో పిల్లల వేళ్లు పట్టుకుని చూసేవారు. గుర్తు లేని పిల్లలు ఎక్కువగా కనబడిన వీధికి బృందం మళ్లీ వెళ్లాల్సి వచ్చేది. కాగితం మీద నూటికి నూరు ఉన్నా వేలి మీద గుర్తు లేకపోతే లేనట్టే. 2011 జనవరి తర్వాత దేశంలో సహజ పోలియో వైరస్ కేసు మళ్లీ రాకపోవడంలో, 2014 మార్చిలో పోలియో రహితమని ధ్రువీకరణ దక్కడంలో చుక్కల మందుకు ఎంత పాత్ర ఉందో ఆ వెతుకులాటకూ అంత ఉంది.

బీపీ, షుగర్లకు వేలి మీద గుర్తు పెట్టలేం. అందుకే ఇక్కడ పని ఇంకాస్త జాగ్రత్తగా జరగాలి. శిబిరంలో బీపీ చూసే తీరు అందరికీ తెలిసిందే. ఎండలో నడిచొచ్చిన పెద్దావిడ గంటసేపు క్యూలో నిలబడి, కుర్చీలో కూర్చున్న మరుక్షణం చేతికి పట్టీ చుడతారు. వెనకవాళ్లు తోసుకుంటుంటారు, పక్కన మైకు మోగుతుంటుంది. 160/100 వచ్చిందంటే ఆశ్చర్యమేముంది? అయిదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టి, మాట్లాడించకుండా చూడాలి. ఒక్కసారి ఎక్కువ రాగానే బీపీ రోగి అని ముద్ర వేయకుండా ఇంకోరోజు మళ్లీ చూడాలి. ఈ రెండో చూపు లేని శిబిరం ఇచ్చే సంఖ్యలో నిజంగా జబ్బు ఉన్నవాళ్లెందరో, ఎండకూ టెన్షన్‌కూ పెరిగినవాళ్లెందరో విడదీయడం ఎవరి తరమూ కాదు.

మదింపులో ఇంకో చిక్కు కూడా ఇక్కడే ఉంది. దాన్ని చాలామంది అధికారులు కూడా పట్టించుకోరు. ఆ రోజు బీపీ ఎక్కువ వచ్చినవాళ్లను మాత్రమే ఏరి నెల తర్వాత మళ్లీ చూస్తే, మందు వేసుకున్నా వేసుకోకపోయినా మొత్తం మీద కొంత తగ్గినట్టే కనిపిస్తుంది. ఎందుకంటే ఏరింది ఆ పూట పెరిగినవాళ్లనే. ‘మా శిబిరం వల్ల బీపీ తగ్గింది’ అని చెప్పుకోవడానికి ఇంతకంటే అనువైన అంకె దొరకదు, ఎవరూ అబద్ధం ఆడక్కర్లేదు కూడా. దీనికి విరుగుడు పెద్ద కష్టమేమీ కాదు. రెండు వేర్వేరు రోజులు చూశాకే జాబితాలో పేరు ఎక్కించాలి. శిబిరాలు మండలంలో ఊరి తర్వాత ఊరికి వంతులవారీగా జరుగుతాయి కనుక, ఇంకా వంతు రాని ఊళ్లో కూడా ఇదే పద్ధతిలో చూసి రాసి పెట్టుకుంటే పోల్చుకోవడానికి ఆధారం ఉంటుంది. అక్కడ ప్రమాదకరంగా ఉన్నట్టు తేలినవాళ్లను ఎటూ వెంటనే ఆసుపత్రికి పంపాల్సిందే.

కొలబద్ద కూడా కొత్తగా కనిపెట్టక్కర్లేదు. 2017లో మొదలైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమం ఒకే ప్రశ్న అడుగుతుంది: పేరు నమోదైన రోగుల్లో, తర్వాతి త్రైమాసికంలో చూసినప్పుడు 140/90 కంటే తక్కువ ఉన్నవాళ్లెందరు? ఆ మూడు నెలల్లో అసలు కనబడనివాళ్లను లెక్కలోంచి తీసేయరు, బీపీ అదుపులో లేనివాళ్ల పక్కనే వాళ్లకూ ఒక గడి ఉంటుంది. మన శిబిరాల నివేదికల్లో లేనిది ఆ గడే. కంటి ఆపరేషన్లకూ ఇలాంటి ప్రమాణమే ఉంది. శుక్లం తీసిన మర్నాడు కట్టు విప్పి ఫొటో దిగితే సరిపోదు. కొన్ని వారాలు గడిచాక, ఉన్న అద్దాలతోనే నూటికి కనీసం 80 మందికి 6/18 (మామూలు కంటికి 18 మీటర్ల దూరాన కనిపించేది 6 మీటర్ల దూరాన కనిపించడం) లేదా అంతకంటే మెరుగైన చూపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

మరి పెద్దాసుపత్రికి పంపినవాళ్ల సంగతి? తిరుపతి రుయాకు రాసి పంపితే రుయా రిజిస్టర్లో వెతికి, పేరు లేకపోతే ‘వెళ్లలేదు’ అని రాయడం సులువు. కానీ ఇది సరిహద్దు ప్రాంతం. గుడిపాలలో ఉండే మనిషికి తిరుపతి కంటే వేలూరు దగ్గర, ఒంట్లో బాగాలేదంటే ముందు గుర్తొచ్చేది అక్కడి సీఎంసీ ఆసుపత్రి. సత్యవేడు వాళ్లు చెన్నై బస్సెక్కుతారు. కుప్పం వాళ్లు బెంగళూరుకో కోలారుకో పోతారు. వాళ్లంతా వైద్యం చేయించుకుని మందులు వాడుతున్నా మన రికార్డుల్లో ‘వెళ్లనివాళ్లే’. మరోపక్క నిజంగా వెళ్లనివాళ్లు కూడా ఆ గడిలోనే కలిసిపోయి ఉంటారు. చార్జీలకు లేక ఆగిపోయినవాళ్లు, తోడొచ్చేవాళ్లు లేనివాళ్లు, ఒకసారి వెళ్లి ఓపీ చీటీ కోసమే పూటంతా గడిచిపోయి తిరిగొచ్చినవాళ్లు. ఇంటికి వెళ్లి మనిషిని అడిగితే తప్ప ఎవరు ఎవరో తేలదు.

అసలు శిబిరం గడపే తొక్కనివాళ్ల గురించి ఎవరూ అడగరు. పది నుంచి ఒంటిగంట దాకా పెట్టే శిబిరానికి ఎవరు వస్తారు? ఇంటిపట్టున ఉన్నవాళ్లు, తీరిక ఉన్నవాళ్లు. మామిడి కాయల కాలంలో తోటల్లో, గుజ్జు ఫ్యాక్టరీల్లో పనికి పోయే ఆడవాళ్లు తెల్లారకముందే ఆటో ఎక్కి ఉంటారు. వేరుశనగ కాయలు ఒలిచే రోజుల్లోనూ అంతే. ఊరికి దూరంగా ఉండే కాలనీ దాకా చాటింపు చేరిందో లేదో కూడా ఎవరూ చూడరు. మదింపు అన్నప్పుడు వచ్చినవాళ్ల జాబితాను ఆశా కార్యకర్త దగ్గరుండే ఇంటింటి జాబితాతో పక్కపక్కన పెట్టి, ముప్పై ఏళ్లు దాటినవాళ్లలో రానివాళ్లెవరో గుర్తించడం మొదటి పని కావాలి. వాళ్లను పట్టుకోవడానికి చిత్తూరు పల్లెల్లో ఒక మంచి చోటు ఉంది. పొద్దున, సాయంత్రం క్యాన్లు పట్టుకుని ఊళ్లో సగం మంది ఆడవాళ్లు పాల కేంద్రం దగ్గరే ఉంటారు. పాలలో వెన్నశాతం చూసేలోగా బీపీ కూడా చూడొచ్చు.

పంచిందాన్ని ఫలితంగా చూపించే అలవాటు ఎంత ఖరీదైనదో రక్తహీనత చెబుతుంది. ఐరన్ మాత్రలు ఏళ్ల తరబడి పంచుతూనే ఉన్నాం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2015–16లో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 60 శాతం మందికి రక్తహీనత. 2019–21లో అది 58.8 శాతం. ఇన్ని కోట్ల మాత్రల తర్వాత కదిలింది ఇంతే. మాత్ర వేసుకుంటే వికారంగా ఉందని, మలం నల్లగా వస్తోందని భయపడి డబ్బాలో దాచిపెట్టిన ఇళ్లు ఎన్నో. మలం నల్లబడటం మామూలేనని, అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుందని ఆ వారంలోనే ఎవరో ఒకరు వచ్చి చెప్పి ఉంటే సగం డబ్బాలు ఖాళీ అయ్యేవి.

తిరిగి వెళ్లి చూసే సంప్రదాయం మన నేలకు కొత్తేమీ కాదు. పాత చిత్తూరు జిల్లాలోని మదనపల్లె దగ్గర, ఆరోగ్యవరం శానిటోరియం నుంచి డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ బృందం 1950లో మొదలుపెట్టి చుట్టుపక్కల పల్లెల్లో టీబీ చర్మ పరీక్షలు, ఎక్స్‌రేలు చేసింది, కొందరికి టీబీ రాకుండా వేసే బీసీజీ టీకా వేసింది. సూది వేసి వచ్చేసి ఉంటే అదీ ఒక విజయవంతమైన శిబిరమే అయ్యేది. వాళ్లు ఏళ్ల తరబడి అవే ఊళ్లకు తిరిగి వెళ్లారు, టీకా వేసుకున్నవాళ్లనూ వేసుకోనివాళ్లనూ పోల్చారు. టీకా రక్షణ ఆశించినంత లేదని తేలితే ఆ మాటే ప్రపంచానికి చెప్పారు. 1968లో తమిళనాడులోని చెంగల్పట్టులో మొదలైన పెద్ద పరీక్ష, పెద్దవాళ్ల ఊపిరితిత్తుల టీబీని బీసీజీ ఆపలేదని తేల్చింది. పసిపిల్లలను తీవ్రమైన టీబీ నుంచి కాపాడుతుంది కనుక పుట్టగానే వేసే టీకాగా అది నిలిచింది. దేనికి పనికొస్తుందో, దేనికి రాదో తెలిసింది తిరిగి వెళ్లినందువల్లే. జీపులు, డార్క్‌రూములు ఉన్న కాలంలో వాళ్లు చేయగలిగింది, ప్రతి సచివాలయంలో ఏఎన్ఎం, చేతిలో ట్యాబ్ ఉన్న రోజుల్లో మనకు కష్టమంటే ఎలా?

ఎవరు చూడాలన్న ప్రశ్నకు మా సూచన ఒకటుంది. శిబిరం పెట్టినవాళ్లే మార్కులు వేసుకోకూడదు. వైద్య విద్యార్థులు కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని చదువు పూర్తయ్యేదాకా వాళ్ల ఆరోగ్యం చూడాలని 2022లో జాతీయ వైద్య కమిషన్ నిబంధన పెట్టింది. తిరుపతిలో ఎస్వీ వైద్య కళాశాల, శ్రీ పద్మావతి మహిళా వైద్య కళాశాల ఉన్నాయి. చిత్తూరు, కుప్పంలలోనూ వైద్య కళాశాలలు ఉన్నాయి. మూడో నెలలో ఆ విద్యార్థులను పల్లెలకు పంపాలి. ఊరంతా తిరగక్కర్లేదు. శిబిరం జాబితాలోంచి చీటీలు తీసి 19 మందిని ఎంచుకుంటే చాలు. లక్ష్యం నూటికి 80 అయితే, ఎంచుకున్నది కొద్దిమందినే కనుక కొంత వెసులుబాటు ఇచ్చి, ఆ 19 మందిలో కనీసం 13 మందికి చికిత్స అందిందా లేదా అన్నదాన్ని బట్టి ఆ ఊరిని వదిలేయాలో మళ్లీ వెళ్లాలో తేల్చుకోవచ్చు. ఈ పద్ధతి ప్రజారోగ్యంలో ఎప్పటినుంచో వాడుకలో ఉన్నదే. చీటీలు మాత్రం నిజంగా తీయాలి. ‘ఈ వీధిలో అందరూ ఇంట్లోనే ఉంటారు సార్’ అన్న వీధికే పోతే లాభం లేదు.

ఒక జాగ్రత్త చెప్పాలి. తక్కువ వచ్చిన ఊరి ఆశా కార్యకర్తకు మెమో ఇచ్చారంటే ఆ రోజుతో మదింపు చచ్చినట్టే. మరుసటిసారి నుంచి అన్ని ఊళ్లలోనూ 19కి 19 వస్తాయి. ఇప్పటికే యాప్‌లలో ఫొటోలు ఎక్కించడానికే ఆమె పొద్దు గడిచిపోతోంది. మార్కులు వేయాల్సింది శిబిరానికి, దాని వేళలకు, మందుల సరఫరాకు, పంపిన ఆసుపత్రిలో దొరికిన ఆదరణకు. ‘మాత్రలు అయిపోయినాయి, మళ్లా ఇయ్యలేదు’ అన్నది ఆమె తప్పు కాదు. వచ్చిన ఫలితాన్ని కలెక్టరేట్ సమావేశంలో తెర మీద చూపి ముగించకుండా, తిరిగి ఆ ఊరి గ్రామసభలోనే చదివి వినిపించాలి. ఎవరి పేరూ బయటపెట్టకూడదు, అంకెలు మాత్రం దాచకూడదు.

డబ్బు లేదనే మాట ఎలాగూ వస్తుంది. శిబిరం అనుమతి కాగితంలోనే మూడో నెల ప్రయాణానికి పద్దు రాయకపోతే నిజంగానే ఉండదు. కరపత్రంలో శిబిరం తేదీ కిందే బృందం తిరిగి వచ్చే తేదీ కూడా అచ్చువేయించాలని రెండు జిల్లాల వైద్యారోగ్య శాఖాధికారులను కోరుతున్నాం. ట్రస్టులు, అభిమాన సంఘాలు అనుమతికి వచ్చినప్పుడు కూడా ఆ తేదీ లేని దరఖాస్తును వెనక్కి ఇచ్చేయాలి. ఖర్చు సర్దుబాటు కాదంటే, దారి పొడవునా కట్టే ఫ్లెక్సీల పద్దులోంచి తీసుకున్నా ఎవరి ఆరోగ్యానికీ నష్టం లేదు.