వడ్డికాసులవాడి ఊళ్లో ఉచిత కడుపు

మా తిరుపతిలో ఏదీ ఊరికే రాదు. పెళ్లికి కుబేరుడి దగ్గర చేసిన అప్పుకు స్వామివారే ఇంకా వడ్డీ కడుతున్నారు. మనమూ హుండీలో తలా ఓ చెయ్యి వేస్తున్నాం. ఇలాంటి ఊళ్లో కూడా, మరొకరి బిడ్డను తొమ్మిది నెలలు మోసే పని మాత్రం ఉచితంగా జరగాలంటుంది 2021 సరోగసీ చట్టం. నేను మనసారా సమర్థిస్తున్నాను. డబ్బిస్తే కడుపు సరుకైపోతుందని, పేదింటి ఆడవాళ్లను దోచుకుంటారని భయం. నిజమైన భయమే. అందుకే దోపిడీ జరక్కుండా, ఆమెకు రావాల్సిన డబ్బే ఆపేశారు.

మొన్న కోర్టు దగ్గర జిరాక్స్ అంగట్లో ఒక జంటను చూశాను. సరోగసీకి మేజిస్ట్రేట్ ఆర్డరు కోసం వచ్చారట. పక్కన బెంచీ మీద, ప్లాస్టిక్ కవరు ఒళ్లో పెట్టుకుని, పలమనేరు నుంచి వచ్చిన చెల్లెలు వరస అమ్మాయి. బంధువే కావాలని చట్టంలో లేదు. ఊరికే మోసేందుకు ఇంకెవరొస్తారు! పెళ్లయి, సొంత బిడ్డ ఉండి, వయసు 25 నుంచి 35 మధ్య ఉండాలి. అదీ జీవితంలో ఒక్కసారే.

"ఎన్ని సెట్లు నా?" అన్నాడు జిరాక్స్ అబ్బాయి. పేజీకి రెండు రూపాయలు. స్టాంపులాయన తీసుకున్నాడు, నోటరీ తీసుకున్నాడు, లాయరు ముందే తీసుకున్నాడు. డాక్టరు సంగతి చెప్పక్కర్లేదు. వీళ్లెవరి సేవా సరుకైపోలేదు. అమ్మాయికి మాత్రం ఆస్పత్రి ఖర్చులు, 36 నెలల ఇన్సూరెన్సు.

పెళ్లే చేసుకోని ఆడవాళ్లకు సరోగసీ లేదు. భర్త పోయినా, విడాకులైనా 35 నుంచి 45 లోపు అడగొచ్చు. కాబట్టి బిడ్డ కావాలంటే ముందు పెళ్లి చేసుకుని, తర్వాత విడాకులు తీసుకోవాలి. కుటుంబ వ్యవస్థను ఇంత గట్టిగా కాపాడిన చట్టం ఇంకోటి లేదు.

మన పురాణాలకైతే సరోగసీ సర్టిఫికెట్టే వచ్చేది కాదు. దేవకి కడుపులోని బలరాముడు రోహిణి కడుపులోకి మారాడు. రోహిణి సంతకం తీసుకున్నట్టు ఏ హరికథలోనూ వినలేదు. తిరుచానూరు అమ్మవారు తామరపువ్వులో దొరికారు. ఆకాశరాజు ఏ బోర్డు ముందు నిలబడతాడు?

అంగడి బయట ఆ జంట అమ్మాయికి బాదంపాలు ఇప్పించారు. లాయరు గారు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అన్నారు:

"దానికీ బిల్లు తీసుకోండి నా. వైద్య ఖర్చు కింద రాద్దాం."